ఎడమవైపు మలుపులు

ఎర్మెతె ఫాబ్రి మొదటి పందెం 1909లో, ఇటలీలోని ఫాయెంజా నుంచి రవెన్నా దాకా, మోటారు సైకిలు మీద. దారిలో రెండుసార్లు పడి, గడ్డం మీద తోలూడి, ఆరోవాడుగా చేరాడు. మర్నాడే ఇంకో పందేనికి పేరిచ్చాడు. యుద్ధంలో సైన్యం ఉత్తరాలు మోశాడు. యుద్ధమయ్యాక ఉత్తరాది కార్ల కంపెనీ ఒకటి పిలిచి పందెం కారు అప్పగించింది.

1922లో ఒక కొండదారిలో ముందు కారు చక్రం కింది రాయి ఎగిరొచ్చి అతని కళ్ళద్దాలు పగిలాయి. ఎడమ కంటికి వెలుగూ చీకటీ తప్ప మరేమీ మిగల్లేదు. నయమైందని కంపెనీకి చెప్పాడు. నిజం భార్య ఆర్జకీ, కారులో పక్కన కూర్చునే మెకానిక్ లెయార్కోకీ మాత్రమే తెలుసు.

ఆ కార్లలో నడిపేవాడు కుడివైపు, మెకానిక్ ఎడమవైపు. చేత్తో పెట్రోలు పంపు కొట్టడం, వెనక ఎవరొస్తున్నారో చూడటం మెకానిక్ పని. లెయార్కోకి ఇంకో పని కూడా వచ్చిపడింది. ఎడమ మలుపులో అంచు దగ్గరపడితే ఎర్మెతె మోకాలి మీద ఒక దెబ్బ, ఆ పక్కనుంచి ఎవరైనా దూసుకొస్తే రెండు. అలా మూడేళ్ళలో నాలుగు పందేలు గెలిచారు. పత్రికలు ఎర్మెతె ఫోటోలే వేశాయి.

1925 జనవరిలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త నిబంధన ప్రకారం పెద్ద పందేల్లో ఇక కారులో ఒక్కడే ఉండాలి. ఎర్మెతెకి ఇంకో ఏడాది కారిస్తారు. లెయార్కో మార్చి తర్వాత రానక్కర్లేదు.

ఇక మానేయమని లెయార్కో బతిమాలాడు. తనకి మరో పని రాదన్నాడు ఎర్మెతె. మర్నాడు పొద్దున ఒక్కడే కారు తీసుకుని బ్రిసిగెల్లా కొండదారి పట్టాడు. ఏడో మలుపులో, ఎడమ పక్కన నిలిపి ఉన్న కట్టెల బండి వెనకభాగం విరిగేదాకా అక్కడ బండి ఉందని అతనికి తెలియలేదు.

బండి తాలూకు ముసలామె ఎద్దు ముక్కుతాడు పట్టుకునే అంది: "దీనికున్నపాటి చూపు నీకు లేదటయ్యా? నిన్ను చూసి ఇదే పక్కకి జరిగింది."

అతను దిగి కట్టెలన్నీ ఏరి పేర్చాడు. పేర్చడమయ్యాక, ఏమైనా తిన్నావా అని ఆమే అడిగింది.

ఇంటికొచ్చి కంపెనీకి ఉత్తరం రాశాడు. తన కన్ను ఎప్పుడు పోయిందో రాశాడు. మూడేళ్ళుగా ఎడమ మలుపులన్నీ దాటించింది లెయార్కో అనీ, తన కారు అతనికే ఇవ్వాలనీ రాశాడు.

పన్నెండో రోజున లెయార్కో కోపంగా వచ్చాడు. కారు నడిపి చూపించమని కంపెనీ పిలిచిందట.

"నన్నొక్క మాట అడక్కుండా ఎందుకు రాశావు మేస్త్రీ? నీ గెలుపులన్నీ దొంగ గెలుపులంటారు రేపు."

"సగం నీవే కదరా. నా సగాన్ని ఏమన్నా అననీ."

"అలసిపోయానని రాస్తే సరిపోయేది."

"నన్ను పొగుడుతూ నాలుగు ముక్కలు రాసి, నిన్ను ఇంటికి పంపేవాళ్ళు."

లెయార్కో టోపీ తీసుకుని లేచాడు. తనకి భయంగా ఉందన్నాడు.

"నాకు పదహారేళ్ళుగా ఉంది," అన్నాడు ఎర్మెతె. "తగ్గదు. వెళ్ళిరా."

లెయార్కో మొదటి పందెంనాడు ఆర్జ వెళ్ళి చూసొచ్చింది. అతను ఎనిమిదోవాడుగా చేరాడని చెబుదామని తలుపు తీస్తే, ఎర్మెతె చొక్కా కూడా మార్చకుండా నిద్రపోతున్నాడు. పందెంనాడు అతనికి అలా నిద్రపట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు. లేపలేదు.