ఎర్విన్ పెట్టిన ఆకుపచ్చ చుక్క

ఎర్విన్ టెస్కేకి ఉన్నది ఒకటే జబ్బు. కాగితం చుట్టలో బిగించిన చిల్లర ఎక్కడ కనబడినా సరే, దాన్ని విప్పి చూడందే తిండి సయించదు. ఆ చుట్ట తనదా పరాయిదా, బ్యాంకుదా చర్చిదా అన్న భేదం లేదు. ప్రతి బిళ్ళకీ ముందు అంచు చూస్తాడు, తర్వాత సంవత్సరం చూస్తాడు, ఆ తర్వాత నిట్టూరుస్తాడు. పంతొమ్మిది వందల అరవై నాలుగులోనో అంతకు ముందో అచ్చయిన అర డాలరు అయితే అసలు సిసలు వెండి, అంచు తెల్లగా ఉంటుంది. తర్వాత వచ్చిన నాసిరకానిదైతే అంచులో రాగి గీత ఎర్రగా పళ్ళికిలిస్తుంది. ఎర్విన్ జీవితమంతా ఆ తెల్ల అంచు కోసం వెతుకులాటే.

ఆ జబ్బుని ఎక్కువగా భరించింది ఆయన భార్య వెర్నా కాదు, బ్యాంకు కౌంటర్లో కూర్చునే మార్లిస్. విస్కాన్సిన్‌లో హోల్ట్ ఫాల్స్ అనే ఆ చిన్న ఊరికి అదొక్కటే బ్యాంకు. పెట్రోలు గాలను డాలరు దాటని రోజులవి. బ్యాంకు తలుపు తీయగానే కాఫీ వాసన, గోడకి విత్తనాల కంపెనీ క్యాలెండరు, పిల్లలకి గిన్నెలో లాలీపాప్‌లు. ఏ పనీ లేకపోయినా ఎండగా ఉందనో మంచు పడుతోందనో జనం లోపలికి వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళందరినీ దాటుకుని ఎర్విన్ నేరుగా మార్లిస్ ముందుకొచ్చి నిలబడేవాడు.

"అమ్మాయ్, అర డాలర్లు ఏమైనా వచ్చాయా?"

"నిన్ననేగా పెట్టె తీసుకెళ్ళారు."

"నిన్నటివి నిన్ననే అయిపోయాయి."

"ఏం దొరికింది?"

"ఏం దొరకలేదు. అన్నీ ఎర్ర అంచులే."

"మరి ఎందుకండీ ఈ అవస్థ?"

"ఇవాళ్టి పెట్టెలో ఉంటాయి."

ఈ మాటలు వారం వారం ఇలాగే జరిగేవి. ఒక్క మాట అటూ ఇటూ అయితే మార్లిస్‌కే ఏదో వెలితిగా ఉండేది.

ఆయన గర్వమంతా కళ్ళ మీదే. రిటైరయ్యేదాకా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివినవాడు. కుక్క ఉన్న ఇల్లయితే రోడ్డు మీదే బండి ఆపి, కంచె ఇవతల నుంచే ముల్లు ఎక్కడుందో చూసి రాసుకునేవాడట. ఆ కుక్కలన్నీ పోయాయి గానీ గర్వం పోలేదు. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళని చూస్తే, కాలు విరిగి కర్రలతో నడిచేవాళ్ళని చూసినట్టు పాపం జాలిపడేవాడు.

ఆదివారం లూథరన్ చర్చిలో కానుకల పళ్ళెం అన్ని బెంచీల దగ్గరా సాగి, ఎర్విన్ ఒళ్ళోకి వచ్చేసరికి ఆగేది. ఆయన నోటు వేసి, దానికి సరిపడా అర డాలర్లు ఏరుకునేవాడు. పైసా తేడా రానిచ్చేవాడు కాదు. కానీ ఆయన అంచులన్నీ చూసి ముగించేలోపు పాట అయిపోయి, ఆర్గాన్ వాయించే ఆవిడ మళ్ళీ మొదటి చరణం ఎత్తుకోవాల్సి వచ్చేది.

"ఎర్విన్, దేవుడి సొమ్ముకి కూడా అంచు చూడాలా?" అని అడిగారు పాస్టరు నైగార్డ్.

"దేవుడికి రాగి గీత ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే పాస్టరు గారూ. తేడా నాకు."

ఇంత జబ్బులోనూ ఆయనకి రెండు నియమాలు. ఒకటి, చూసేసిన నాణేల్ని కొన్న బ్యాంకులో తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే అవే మళ్ళీ చుట్టల్లో దూరి మన చేతికే వస్తాయి, చూసిందే చూడటమవుతుంది. అందుకని కారు వెనక భాగం నేలకి ఆనేలా నింపుకుని పక్క ఊరి బ్యాంకుకి పోయి అక్కడ దింపేసి వచ్చేవాడు. అక్కడి అమ్మాయిలు ఆయన కారు మలుపు తిరగడం చూస్తే భోజనానికి లేచిపోయేవాళ్ళని వినికిడి. రెండోది, చూసిన ప్రతి బిళ్ళ మీదా ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో చిన్న చుక్క. దీన్ని ఎర్విన్ చూశాడు, ఇందులో ఏం లేదు అని అర్థం. చుక్క లేని అర డాలరు ఆ జిల్లాలో దొరకడం కష్టమైపోయింది.

ఆ ఊళ్ళో ఈ పిచ్చి ఉన్నవాడు ఇంకొకడున్నాడు. పేరు లాయిడ్ హాగెన్, జున్ను ఫ్యాక్టరీలో పనిచేసి మానేశాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు, అప్పట్నించీ పోట్లాట. బ్యాంకుకి అర డాలర్ల పెట్టె వచ్చిన రోజు మార్లిస్‌కి పండగా, తలనొప్పీ కలిసి వచ్చేవి.

"పోయినసారి నువ్వు తీసుకున్నావు, ఈసారి నాది," అనేవాడు లాయిడ్.

"నీ చేతికిస్తే ఏం లాభమోయ్? జున్నుకి కన్నాలు లెక్కపెట్టుకునేవాడివి, అంచు నీకేం తెలుస్తుంది?"

"మీటరు చదివి అందరికీ బిల్లు పెంచినవాడివి నువ్వా చెప్పేది?"

చివరికి మార్లిస్ పెట్టె పగలగొట్టి చెరిసగం ఇచ్చేది. ఇద్దరూ పక్కవాడి సగంలోనే వెండి ఉందని దిగులుపడుతూ వెళ్ళేవాళ్ళు.

ఆకులు రాలే కాలంలో లాయిడ్ భార్య ఇర్మా పోయింది. లాయిడ్ బ్యాంకులోకి రావడం మానేశాడు. చర్చి లేదు, ఊరంతా కలిసే శుక్రవారం చేపల విందు లేదు. నెలకోసారి బ్యాంకు పక్క కిటికీ దగ్గరికి బండి తెచ్చి, దిగకుండానే పింఛను చెక్కుని, గోడలోంచి కౌంటరు దాకా పోయే గొట్టంలోని డబ్బాలో పెట్టేవాడు. అది గాలితో సుయ్యిమని మార్లిస్ దగ్గరికి వచ్చేది, డబ్బు మళ్ళీ సుయ్యిమని ఆయన దగ్గరికి పోయేది. "బాగున్నారా లాయిడ్?" అని మైకులో అడిగితే, "ఆఁ" అనేవాడు. గడ్డం మాసి ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళు వండి తెచ్చిన గిన్నెలు గుమ్మంలో అలాగే పేరుకున్నాయి. ఎర్విన్ వెళ్ళి తలుపు తడితే, లాయిడ్ సగం తెరిచి, "బాగానే ఉన్నాను," అని పూర్తిగా మూసేవాడు.

"ఇప్పుడిక పెట్టె మొత్తం మీదేగా," అంది మార్లిస్ ఎర్విన్‌తో ఓ రోజు.

"ఏం సుఖం అమ్మాయ్? వాడికి దక్కకుండా చేశానన్న తృప్తి లేకపోయాక."

ఆ తర్వాత కొన్నాళ్ళకి జరిగింది మార్లిస్‌కి అస్సలు మింగుడుపడలేదు. ఎర్విన్ కోటు జేబులోంచి అర డాలర్ల చుట్ట ఒకటి తీసి, చుట్టూ చూసి, కౌంటరు మీదుగా ఆమె వైపు నెట్టాడు.

"లాయిడ్ వచ్చినప్పుడు డబ్బులో కొంత ఈ చుట్టగా ఇవ్వు. నేనిచ్చానని చెప్పకు."

మార్లిస్ చుట్ట కేసి చూసింది. కాగితం అంచులు చేత్తో మడిచినట్టున్నాయి. విప్పి చూసిన నాణేల్ని ఈ బ్యాంకు గడప తొక్కనివ్వని మనిషి, వాటిని తెచ్చి లాయిడ్‌కి అంటగట్టమంటున్నాడు. పెళ్ళాం పోయి కుమిలిపోతున్నవాడి చేత, తను చూసి పారేసిన వాటిని మళ్ళీ వెతికించి నవ్వుకుంటాడన్నమాట. ఆమెకి ఒళ్ళు మండింది.

"ఇంత వయసొచ్చింది, సిగ్గుగా లేదూ మీకు?" అంది. కాఫీ తాగుతున్నవాళ్ళంతా కప్పులు దించారు. "పోట్లాటకి ఒక వేళా పాళా ఉండదా? ఆయనున్న స్థితేమిటి, మీ వేళాకోళమేమిటి?"

ఎర్విన్ చుట్టని ఇంకో అంగుళం ఆమె వైపు జరిపాడు. "ఇవ్వు, అంతే," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మార్లిస్ కసిగా ఆ చుట్టని వెనక గదిలోకి తీసుకెళ్ళి ఒక వైపు విప్పింది. ఆకుపచ్చ చుక్కల్ని చూపించి మేనేజరుతో కూడా చీవాట్లు పెట్టిద్దామని. ఎర్ర అంచులు వరసగా కనబడ్డాయి. వాటి మధ్యలో ఒకటి తెల్లగా ఉంది. ఇంకొంచెం విప్పితే అడుగున మరొకటి.

ఆ తెల్ల అంచుల కోసం ఎర్విన్ ఎన్ని పెట్టెలు మోశాడో ఆమెకి తెలుసు, మోయించింది ఆమే కాబట్టి. చుట్టని జాగ్రత్తగా మళ్ళీ మడిచింది. మర్నాడు ఎర్విన్ వస్తే ఎలా మొహం చూపించాలో తెలియక, అడక్కుండానే కాఫీ పోసి, అందులో మూడు చెంచాల పంచదార వేసింది. ఆయన పంచదార తాగడు. అయినా కిక్కురుమనకుండా తాగేశాడు.

చుట్ట గొట్టంలో పడి లాయిడ్ దగ్గరికి పోయింది. పై నెల ఇంకొకటి పోయింది. మూడోది పోయాక, క్రిస్మస్ దీపాలు దించేసే రోజుల్లో, లాయిడ్ బ్యాంకు తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. కోటు గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు. కాఫీ దగ్గరున్నవాళ్ళు ఆయన్ని చూడనట్టు నటించడానికి నానా తంటాలు పడ్డారు. ఒకాయన ఖాళీ కప్పుని ఊదుకుంటూ కూర్చున్నాడు.

లాయిడ్ జేబులోంచి వెండి అర డాలర్లు తీసి కౌంటరు మీద పరిచాడు. ప్రతి దాని మీదా ఆకుపచ్చ చుక్క.

తర్వాత చుట్టల్లోని మిగతా బిళ్ళల్ని పక్కన పోశాడు. వాటిలో దేని మీదా చుక్క లేదు. వెండి వాటి మీదే ఉంది.

"ఈ చుక్క ఎవరిది?" అన్నాడు లాయిడ్.

ఆమె సొరుగు లాగి అందులో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పక్కర్లేదులే. జిల్లా మొత్తానికీ తెలుసు." లాయిడ్ ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "తెల్లటి వెండిని చేత్తో పట్టుకుని, చూసి, చుక్క పెట్టి వదిలేశాడంటే ఏమిటి అర్థం? ఎర్విన్‌కి కళ్ళు పోయాయి మార్లిస్. పాపం, ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపల ఎంత కుమిలిపోతున్నాడో. ఎన్ని చెయ్యి జార్చుకున్నాడో."

సరిగ్గా అప్పుడే ఎర్విన్ తలుపు తోసుకుని వచ్చాడు. లాయిడ్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత కౌంటరు మీద చుక్కలు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

లాయిడ్ వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. పసిపిల్లాడితో మాట్లాడినట్టు మెల్లగా అడిగాడు. "ఎర్విన్, ఆ గోడ మీద క్యాలెండర్లో ఏ నెల కనబడుతోంది?"

ఎర్విన్ దాన్ని రోడ్డవతల నుంచి చదవగలడు. కింద చిన్నక్షరాల్లో అచ్చేసిన వాడి పేరుతో సహా చదవగలడు. ఆయన మార్లిస్ కేసి చూశాడు. లాయిడ్ తప్పు గుండీల కేసి చూశాడు.

"క్యాలెండరా?" అన్నాడు. "అది కిటికీ కాదూ?"

"అయ్యో," అన్నాడు లాయిడ్. "పద, ఇంటికి పద. ఇవాళ్టి పెట్టె నేను చూసిపెడతాను. దొరికినవి నీవేలే, నాకొద్దు."

"చెరిసగం," అన్నాడు ఎర్విన్. అంత దుఃఖంలోనూ బేరం మానలేదు.

ఆ రోజు నుంచీ లాయిడ్ పొద్దున్నే ఎర్విన్ వంటింట్లో వాలేవాడు. వెర్నా పెట్టిన టిఫిను తిని, నాణేలు ఒక్కొక్కటే పైకెత్తి గట్టిగా సంవత్సరం చదివి వినిపించేవాడు. ఒకటి రెండు తప్పు చదివేవాడు కూడా. ఆ తప్పులు ఎర్విన్‌కి టేబులు అవతలి నుంచి స్పష్టంగా కనబడేవి. పళ్ళు బిగబట్టి, బల్ల కింద మోకాలు గిల్లుకుంటూ, "అలాగా," అనేవాడు. ఓసారి లాయిడ్ చూసుకోకుండా అసలు వెండినే పక్క ఊరి బ్యాంకుకి పోయే సంచీలో పడేస్తే, ఎర్విన్ ఆ రాత్రంతా నిద్రపోలేదని వెర్నా చెప్పింది. పొద్దున మళ్ళీ వాళ్ళ పోట్లాట వీధిలోకి వినబడిందని కూడా చెప్పింది, సంతోషంగా.

"ఆ చుక్కలు ఎందుకు పెట్టారండీ?" అని మార్లిస్ అడిగింది, ఆయన ఒక్కడూ దొరికినప్పుడు. "అదొక్కటి లేకపోతే ఈ గుడ్డితనం తప్పేది కదా."

"మిగతావి చూడకుండానే చుట్టలో పెట్టాను, బుద్ధిగా. వెండివి మాత్రం పోతున్నాయి కదా, చివరిసారి ఓ చూపు చూద్దామని దీపం కింద పట్టుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు. చూడగానే చెయ్యే చుక్క పెట్టేసింది."

మంచు కరిగే రోజుల్లో ఓ మధ్యాహ్నం ఎర్విన్ బ్యాంకుకి వచ్చి, కాగితాల స్టాండుని గుద్దుకుని, దానికి క్షమాపణ చెప్పుకున్నాడు. మొహమ్మీద సీసా అడుగంత మందాన కళ్ళజోడు.

"ఇదేమిటండీ?"

"లాయిడ్ కొన్నాడు. మందులషాపులో ఉన్నవాటిల్లోకెల్లా పవరైనదట. నా దగ్గర డబ్బులు కూడా తీసుకోలేదు."

"ఇక్కడ ఎవరూ లేరు కదా, తీసెయ్యండి."

"వాడు బయట బండిలో ఉన్నాడు. అద్దంలోంచి చూస్తూ ఉంటాడు."

"అసలు ఏమైనా కనబడుతోందా?"

"ఏమీ కనబడటంలేదు అమ్మాయ్. నువ్వు మాత్రం ఇదివరకటికంటే బాగున్నావు."

మార్లిస్ పెట్టె ఆయన చేతుల్లో పెట్టి, భుజాలు పట్టి తలుపు వైపుకి తిప్పింది. అప్పటికే లాయిడ్ బండి దిగి ఎదురొస్తున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. పెట్టె ఒక చంకలో, ఎర్విన్ మోచెయ్యి ఇంకో చేతిలో పట్టుకుని, బల్లపరుపుగా ఉన్న కాలిబాట మీద నడిపించుకుంటూ, "మెట్టు ఉంది, చూసుకో," అన్నాడు.

అక్కడ మెట్టు లేదు. ఎర్విన్ కాలు బాగా పైకెత్తి, జాగ్రత్తగా దిగాడు.