దారం పెట్టి కొలిచిన యుద్ధం

2022 ఫిబ్రవరి 25, శుక్రవారం, పొద్దున పదకొండు గంటలు. జెద్దాలో, షరఫియా బజారుకు రెండు వీధుల అవతల మేముండే గదిలో, లిథువేనియాకు పోవద్దని నా బామ్మర్దికి చెప్పాను. గంట సరిగ్గా గుర్తుంది. జుమ్మా నమాజుకు పోవడానికి పైమంచం ప్లంబరు అప్పుడే స్నానం చేసి వచ్చాడు. ఆయనది పేషావర్ దగ్గరి ఊరు.

బామ్మర్ది టైల్స్ మేస్త్రీ. నేను బ్లాకు గోడలు కట్టే మేస్త్రీని. పన్నెండేళ్ల కింద అతన్ని సౌదీకి పిలిపించుకున్నది నేనే. మా కంపెనీ చిన్నది. పనిలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలని నితాఖత్ చట్టం వచ్చాక, ఆ లెక్క తప్పి మాది ఎర్ర రంగులో పడింది. ఎర్రలో పడిన కంపెనీలో ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యూ కాదు. తలకింత అని సర్కారుకు కట్టాల్సిన లెవీని మా యజమాని కఫీల్ ఎప్పుడో మానేశాడు. నా కార్డుకు ఇంకా తొమ్మిది నెలలుంది. అతనిది రంజాన్ నెలలో అయిపోతుంది.

అతనితో కలిసి పని చేసిన ఒకతను ముందటేడే లిథువేనియాకు పోయాడు. అతని మాట మీద అక్కడి కంపెనీ మావాడికి ఆఫర్ లెటర్ పంపింది. వస్తాడో రాడో ఆ శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలి. ముందురోజు పొద్దున రష్యా ఉక్రెయిన్ మీద పడింది.

గది నిండా ఫోన్లు, ఫోన్ల నిండా ట్యాంకులు. తరువాత వంతు ఏ దేశానిదని వార్తల్లో వాదించుకుంటున్నారు. నాలుగైదు చిన్న దేశాల పేర్లు చదువుతున్నారు. అందులో లిథువేనియా ఉంది.

నేను బడి మొహం చూడలేదు. యాభై రెండో ఏట ఆ గదిలోనే అక్షరాలు నేర్చుకున్నాను. మాతో ఉండే కడప డ్రైవరు సిమెంటు సంచి కాగితం మీద రాసి దిద్దించాడు. కూడబలుక్కుని చదవడం వచ్చాక, సెలవుకు ఊరికి పోయినప్పుడు బస్టాండులో బడిపిల్లల తెలుగు అట్లాసు కొన్నాను. ఎవరు ఏ దేశం పేరెత్తినా తెరిచి చూపించేవాడిని. చదువుకున్నవాళ్లకు లేని పొగరు, ముదిరాక నేర్చుకున్నవాడికి ఉంటుంది. నాకుండేది.

ఆ రోజు కూడా తెరిచాను. ప్రపంచ పటంలో రష్యాది గులాబీ రంగు. లిథువేనియాకు పడమర పక్కన కూడా గులాబీ ముక్క ఒకటి అతికించినట్టు ఉంది.

"ఇగో సూడు. ఎనక బెలారస్. ట్యాంకులు దాంట్లకెళ్లే పోయినయంటున్నరు. ముందట ఈ ముక్క గూడ రష్యోనిదే. నడుమ నువ్వు టైల్స్ అతికించుకుంట కూసుంటవా?" అన్నాను.

బామ్మర్ది నవ్వాడు. "నీకెందుకు బావా గంత సలి? పొయ్యేటోణ్ణి నేను. ఆడ మంచు పడ్తదట, నువ్వొస్తె ఉన్న నాలుగు పండ్లు గూడ రాల్తయ్."

"పండ్లు రాలితె గట్క తాగి బతుకొచ్చు. తల రాలితె?"

జేబులోంచి దారం తీశాను. గోడ వరస చూసే నూలుదారం. షరఫియాలో కార్గో దుకాణంవాళ్లిచ్చిన క్యాలెండరు మీద పెద్ద సౌదీ పటం ఉండేది. దాని మీద జెద్దా నుంచి రియాద్‌కు దారం పెట్టాను. జానెడు వచ్చింది. అదే దారాన్ని అట్లాసులో లిథువేనియా నుంచి ఉక్రెయిన్ రాజధాని కీవ్‌కు పెట్టాను. చిటికెనవేలి గోరంత.

"రియాద్ జానెడు. యుద్ధం గోరంత. ఇగ నువ్వే చెప్పు."

పేషావర్ ఆయన తల తుడుచుకుంటూ, "ఏక్ మహీనా బోలే థే," అన్నాడు. ఆయన చిన్నప్పుడు రష్యావాళ్లు పక్కనున్న అఫ్గానిస్తాన్‌లోకి దిగితే, అక్కడి జనం పారిపోయి వచ్చి ఆయన తండ్రి చేనులో గుడారాలు వేసుకున్నారట. ఒక్క నెలలో పోతామన్నవాళ్లు, ఆయనకు పెళ్లయి పిల్లలు పుట్టినా పోలేదట.

డ్రైవరు ఒక్కడే అడ్డం వచ్చాడు. "పెద్దాయనా, ఆ దేశం వేరు, ఈ దేశం వేరు గదా. ఈన్ని యాల బెదిరిస్తాండావు? ఈడ మాత్రం ఏం సుకంగా ఉండాడని?"

"అక్షరాలు నేర్పినవ్, సాలు. అకల్ నేర్పకు," అని నోరు మూయించాను.

అంతలో ఊరి నుంచి నా భార్య వీడియోలో కలిసింది. టీవీ చూసి అప్పటికే ఏడుస్తోంది. "తమ్మీ, నీకు దండం పెడ్త, పోకురా. బావ చెప్పినట్టు ఇను."

అతను పటాన్ని కాసేపు చూశాడు. "సరే తియ్. నీ దారం తప్పుతదా బావా? నువ్వు కట్టిన గోడ ఇంతవరకు వంకర పోలే," అన్నాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకు ఫోన్ చేసి రానని చెప్పేశాడు.

సరిగ్గా నెలకు, మరో శుక్రవారం సాయంత్రం, ఇద్దరం మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తుంటే ఉత్తరాన నల్లటి పొగ లేచింది. యెమెన్ నుంచి వదిలిన క్షిపణి చమురు ట్యాంకుల మీద పడిందన్నారు. బామ్మర్ది పొగను చూసి నా దిక్కు తిరిగాడు.

"బావా, మొన్న నీ దారం యెమెన్ దిక్కు పెట్టలేదేంది?"

నవ్వుతూనే అన్నాడు. నేను కిందికి దిగి అట్లాసు తీశాను. ఇరవై ఆరేళ్ల పనిలో డ్రాయింగు కింద స్కేలు చూడకుండా ఒక్క బ్లాకు పెట్టలేదు. కాగితాన్ని పెద్దగా తీసిచ్చినా, చిన్నగా తీసిచ్చినా, కింది అంకె చూశాకే దారం కట్టేవాడిని; అక్షరాలు రాని రోజుల్లోనూ అంకెలు వచ్చు. ఈ పటం కింద కూడా గీత ఉంది, అంకెలున్నాయి. ఒక దేశాన్ని గోడంత కాగితం మీద వేసినదీ, లోకాన్నంతా చారెడు పేజీలో కుక్కినదీ ఒకే దారంతో కొలిచాను. కొత్తగా చేరిన కూలీ ఆ పని చేస్తే తిట్టి పంపేవాడిని. ఈసారి రెండు యుద్ధాల దూరాలనూ ఒకే పేజీ మీద కొలిచాను. లిథువేనియా నుంచి కీవ్ ఎంతో, మా జెద్దా నుంచి యెమెన్ సరిహద్దు ఇంచుమించు అంతే. ఏడేళ్లుగా యెమెన్‌లో సౌదీ చేస్తున్న ఆ యుద్ధం పక్కనే తిని పడుకున్నాం. అలవాటైనది కాబట్టి నాకు భయం పుట్టలేదు.

అతనికి చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. వెంటనే లిథువేనియాకు ఫోన్ చేశాడు. ఆ పనికి వేరేవాళ్లను తీసుకున్నామన్నారు.

రంజాన్‌లో కార్డు తేదీ దాటింది. సిస్టం బంద్ ఉంది, నా చేతిలో ఏమీ లేదన్నాడు ఆఫీసు క్లర్కు. అప్పటి నుంచి పెద్ద రోడ్డు ఎక్కకుండా, సందుల్లోంచి పోయి ఇళ్లలో బాత్రూములకు టైల్స్ వేసేవాడు. ఆగస్టులో ఛాతీలో నొప్పి అన్నాడు. సోడా తాగాడు. ఆస్పత్రికి పోదామంటే, "ఇకామా అడుగుతరు బావా. ఆడికెల్లి అటే పోలీసుకాడికి," అన్నాడు. ఆ మాట అతనికి నేర్పింది కూడా నేనే. ప్రాణం మీదికి వస్తే ముందు వైద్యం చేస్తారని మాకు తరువాత తెలిసింది. మూడో రోజు పొద్దున డ్రైవరు కారులో తీసుకుపోతుంటే దారిలోనే, నా భుజం మీద తల పెట్టి పోయాడు. నలభై మూడేళ్లు. కాగితాలు కుదిరి శవం ఊరు చేరడానికి నెల దాటింది.

చలికాలంలో నేను ఎగ్జిట్ వీసా మీద ఊరికి వచ్చేశాను. అతని భార్య నాకు చెల్లెలి వరస. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఒకనాడు మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"అన్నా, పోవద్దన్న దినం ఆడ ఎవరెవరున్నరు?"

నేను కుర్చీ ముందుకు జరిపాను.

"నాకైతె ఎవ్వలు ఫోన్ చెయ్యలే. నన్నడిగితె పొమ్మంటుంటి," అంది.

ఆమె అన్నది నిజం. మాలో ఒక్కరికీ ఆమెను అడగాలని తోచలేదు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు రాయను, ఇద్దరు ఇంకా అక్కడే పని చేసుకుంటున్నారు. చెల్లే, ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నవాళ్లం వీళ్లం: పేషావర్ ప్లంబరు. పోనిమ్మన్న కడప డ్రైవరు. ఫోన్లో ఏడుస్తూ నీ ఆడబిడ్డ. అట్లాసు ముందు పెట్టుకుని నేను. నా ఎదురుగా మంచం అంచున, ఆఫర్ లెటరు మోకాలి మీద పెట్టుకుని నీ పెనిమిటి.