నిరుపయోగమని రాసిన బావి

1994వ సంవత్సరం. నేను అప్పుడు కామారెడ్డిలో మత్స్యశాఖ క్షేత్ర సిబ్బందిలో ఒకడిని. మంచినీటి ముత్యాల సాగు అనే మాటే మా ప్రాంతానికి కొత్త. ఆ శిక్షణకు వెళ్లివచ్చినవాడిని నేనొక్కడినే కావడంతో, ఎల్లారెడ్డి వైపు ఎవరు ఆ పనికి పూనుకున్నా నన్నే పంపేవారు. చూసినది చూసినట్టు ఏ రోజుకారోజు రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఈ సంగతిని కూడా ఆ వరుసలోనే చెబుతాను.

ఎల్లారెడ్డికి దగ్గరి పల్లెలో సాయన్న అనే రైతుకు, ఆయన అన్న బాలయ్యకు ఉమ్మడి పొలం ఉండేది. దాని నడుమ రాతి మెట్ల బావి. బోరు వేశాక ఆ బావి నీళ్లు ఎవరూ తోడలేదు. దాన్ని పూడ్చి నాటు వేద్దామని బాలయ్య పట్టు. సాయన్న ఒక్క పంట గడువు అడిగాడు. ముత్యాలు పండితే బావి ఉంటుంది, లేకపోతే మట్టి పడుతుంది. ఇదీ అన్నదమ్ముల ఒప్పందం.

"ముత్యాల మీద అంత ఆశా?" అని అడిగాను.

"ఆశ గాదు సార్. మా చెల్లె రాజవ్వ చిన్నప్పుడు గీ బాయిలనే పడి పానం ఇడిసింది. పూడుస్తే కన్నతల్లి, మా అవ్వ బతకది."

నా దగ్గరున్న ఫారంలో బావి స్థితికి రెండే గడులు: ఉపయోగంలో ఉన్నది, నిరుపయోగం. రెండో గడిలో టిక్కు పెట్టాను.

చేసే పని తెలియనివారికి కొంత వివరిస్తాను. ఆల్చిప్పను కొద్దిగా తెరిచి, పెంకుకూ దాని లోపలి పలుచని కండపొరకూ మధ్య చిన్న అచ్చును చొప్పిస్తాము. ఆ పొరను మాంటిల్ అనీ, అచ్చును న్యూక్లియస్ అనీ అంటారు. లోపల గుచ్చుకునే ఆ వస్తువు మీద ఆల్చిప్ప మెరిసే పూత పూస్తూ పోతుంది. ఆ పూత పేరు నేకర్. అదే ముత్యం. మంజీర నది నుంచి తెచ్చిన ఆల్చిప్పలకు అచ్చులు పెట్టి, వలసంచుల్లో వేసి, వెదురు బొంగులకు కట్టి వేలాడదీశాము. కొన్ని పైన, కొన్ని లోతున.

ఆ బావిలో ఒక శబ్దం ఉండేది. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నీళ్లలోంచి టక్, టక్ అని వినిపించేది. మనిషి నీడ పడినా, మెట్టు అదిరినా ఆల్చిప్పలు మూసుకుంటాయి కనుక నేను దాన్ని పట్టించుకోలేదు. కాని ఒకనాడు నేను గట్టుకు దూరంగా, చింత నీడలో కదలకుండా నిలుచున్నాను. బావి దగ్గర ఎవరూ లేరు. గాలి కూడా లేదు. అయినా లోతు సంచుల నుంచి ఆ శబ్దం ఒకదాని వెంట ఒకటిగా పైకి వచ్చింది, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు.

ఆ తరువాత లోతు సంచుల్లోనివి చావసాగాయి. పైవి బాగానే ఉన్నాయి. కిందివి మాత్రం నోళ్లు తెరుచుకుని, కుళ్లిన కంపుతో పైకి వచ్చేవి. కొత్తవి వేస్తే అవీ అంతే. అది అమావాస్య వెళ్లిన వారంలోనే జరుగుతోందని ఊరంతా గుసగుస.

బాలయ్య ట్రాక్టరుతో మట్టి తెచ్చి గట్టు పక్కనే కుప్ప పోయించాడు. "అది తింటున్నది సారు. ఇంకెన్ని పెడతరు దానికి? వద్దంటే మా తమ్ముడు ఇనడు."

నాకు ఒళ్లు మండింది. అతడు అన్నది రాజవ్వను. నోరులేని పసిపిల్ల, పైగా చనిపోయిన పిల్ల. నీళ్లను పరీక్షించకుండా ఆ పిల్ల మీద నేరం మోపడం ఏ ధర్మమో నాకు అర్థం కాలేదు. తరువాతి అమావాస్యకు ఎల్లారెడ్డి బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం. సాయన్న తల్లి లచ్చవ్వ చివరి మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన ఇత్తడి తాంబాళంలో బెల్లం కలిపిన బువ్వ, దాని చుట్టూ చల్లిన పచ్చి బియ్యం. ఆమె దాన్నంతా నెమ్మదిగా నీళ్లలోకి జార్చింది. తెల్లగా, మబ్బులా అది కిందికి దిగిపోయింది.

"రాజీ, తిను బిడ్డా."

లోతు నుంచి టక్, టక్ అని వినిపించింది. ఆమె కదలలేదు, నేనూ కదలలేదు.

"ఇన్నవా సారు? పలుకుతది," అంది లచ్చవ్వ వెనక్కి తిరగకుండానే.

"ఎన్నాళ్ల నుంచి పెడుతున్నావు అవ్వా?"

"అది పోయిన సంది. ఎన్నడు మిగలకపోయేది. ఇప్పుడే తింటలేదు. నీళ్లు వాసనొస్తున్నయి."

సాయన్నను అడిగితే అప్పుడు తెలిసింది. ఆ బావిలో ఏళ్లుగా చేపలుండేవి. అమావాస్య బువ్వ అవే తినేవి. సాయన్నకు అచ్చులు అమ్మిన వ్యాపారి, చేపలుంటే ముత్యాలు పాడవుతాయని చెప్పి, నేను రాకముందే వాటన్నిటినీ వల వేసి తీయించాడు. పట్టిన చేపలను తానే తీసుకుపోయాడు కూడా. నా ఉద్యోగకాలంలో ఇంత పచ్చి అబద్ధాన్ని అరుదుగా విన్నాను. చేప లేని నీళ్లలో బువ్వ అడుక్కి చేరి కుళ్లింది. కుళ్లే పదార్థం నీళ్లలో కరిగి ఉన్న ప్రాణవాయువును, అంటే డిజాల్వ్డ్ ఆక్సిజన్‌ను, తినేస్తుంది. అందుకే అడుగువి చచ్చాయి.

ఇదంతా లచ్చవ్వకు చెప్పాను.

"అంటే ఊపిరాడక పోయినయా?"

"అవునవ్వా."

"నా బిడ్డ గూడ గట్లనే పోయింది."



బువ్వ మానమని నేను చెప్పలేదు. పిడికెడుకు తగ్గించమన్నాను. వ్యాపారి మాట పక్కనపెట్టి రోహు చేప పిల్లలను మళ్లీ వదిలించాను. అడుగు బురద తీయించాను. ఆ తరువాత వచ్చిన అమావాస్యలకు లోతు సంచుల్లోనివి చావలేదు.

కోత రోజున బాలయ్య కూడా వచ్చాడు, చేతులు కట్టుకుని. పై సంచుల్లో చాలావరకు అచ్చులకు మంచి పూత వచ్చింది. చివరికి అట్టడుగు సంచి తీశాము. అందులో మొదటి విడతది ఒక్క ఆల్చిప్ప మిగిలి ఉంది, పెంకు మీద నేను గీసిన గుర్తుతో సహా. తోటివన్నీ చచ్చిన చోట అదెలా బతికిందో ఇప్పటికీ చెప్పలేను. తెరిచాను. నేను పెట్టిన అచ్చు లేదు. ఆ స్థానంలో సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ మొనదేలి, పాలలా మెరుస్తూ ఒక బియ్యపు గింజ. నేకర్ పూసుకున్న బియ్యపు గింజ.

అచ్చును ఆల్చిప్ప కక్కేయడం మామూలే. నోరు తెరిచిన క్షణంలో గింజ లోపలికి జారి ఉండవచ్చు. నేను ఆ మాటే పైకి అన్నాను. కోసి చూస్తే తేలేది. కోయలేదు.

లచ్చవ్వ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. "తినలే. అమ్మ పెట్టిందని దాసుకున్నది."

గట్టు పక్కనున్న మట్టి కుప్పను మరునాడు బాలయ్య తానే ఎత్తించి ఇంటి ముందర పోయించుకున్నాడని సాయన్న తరువాత చెప్పాడు.

ఆ తరువాత నా సర్వీసులో ఎన్నో బావులకు ఆ ఫారం నింపాను. రెండో గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆపేవాడిని. ఇంట్లో పెద్దవాళ్లను పిలిచి, "ఈ బావి దగ్గరికి ఎవరెవరు వస్తుంటారు?" అని అడిగేవాడిని. ఎవరూ రారని వాళ్లు చెప్పినా, కొంతసేపు గట్టు మీద కదలకుండా నిలబడి, విన్న తరువాతే రాసేవాడిని.