గడ్డమ్మ కట్టిన తెర

ఆవిడను మా బడిలో అందరూ గడ్డమ్మ అనేవారు. చూపు లేని ఆడపిల్లల బడి మాది. నేను బెత్తపు కుర్చీలు అల్లడం నేర్పేదాన్ని. ఆవిడ గదులు ఊడ్చి, పిల్లల కోసం పెంచుతున్న గినీ పందులకు గడ్డి కోసుకొచ్చేది. గడ్డి తెస్తుంది గనక గడ్డమ్మ. కొత్తగా చేరిన ప్రతి పిల్లా ఆ పేరు విని, ఓ రోజు మెల్లగా వచ్చి ఆవిడ చుబుకం తడిమి చూసేది.

"ఏదీ గడ్డం?"

"పొద్దున్నే గీసేసుకున్నానే తల్లీ," అనేది ఆవిడ, నవ్వకుండా. ఇరవై ఏళ్ళలో ఒక్క చేతినీ ఆవిడ పక్కకు తొయ్యడం నేను చూడలేదు.

గినీ పందులంటే పేరుకే పందులు. రెండు గుప్పిళ్ళలో ఒదిగే మెత్తని జీవాలు. గడ్డి సంచి చప్పుడైతే చాలు, ఈల వేసినట్టు కూస్తాయి. ఇంటి మీద బెంగ పెట్టుకున్న పిల్ల ఒళ్ళో ఒకదాన్ని పెడితే ఏడుపు సద్దుమణిగేది. దేవుడు ఎవరి ఓదార్పు ఎవరి చేత పంపిస్తాడో!

ఆడవి మూడు వరండా చివరి గదిలో ఉండేవి. మగవి రెండు పెరటివైపు సామాన్ల గదిలో. ఆ రెండూ ఒకే కాన్పులో పుట్టిన అన్నదమ్ములు, పెద్దోడూ చిన్నోడూ. ఒకదాని మీద ఒకటి పడి ఒకే ముద్దలా నిద్రపోయేవి. ఒకదాన్ని ఎత్తుకుంటే రెండోది తిండి మానేసి కూసేది. అందుకని గడ్డమ్మ ఎప్పుడూ రెండింటినీ కలిపే ఒళ్ళో పెట్టేది.

ఆ ఏడు వానలకు సామాన్ల గది కప్పు కారింది. గూట్లో గడ్డి తడిసి ముద్దయింది. చిన్నోడు తుమ్మడం మొదలెట్టాడు. గడ్డమ్మ ప్రాణం ఊరుకోలేదు. ఆడవాటినీ మగవాటినీ విడిగా ఉంచాలని పశువుల డాక్టరు మొదట్లోనే చెప్పి ఉన్నాడు. ఆ మాట ఆవిడేం మరిచిపోలేదు. మగవాటి గూడు తెచ్చి ఆడవాటి గదిలోనే అవతలి గోడ వారన పెట్టింది. రెండు గూళ్ళ గొళ్ళేలూ సరిచూసింది. అదీ చాలదని మధ్యలో తన పాత దుప్పటి తెరలా కట్టింది.

"మర్యాదస్తుల కాపురంలా ఉంది," అన్నాను నేను.

"మరి! ఒకరి మొహం ఒకరికి కనిపిస్తే కదమ్మా గొడవ," అంది.

నేనూ తలూపాను. ఆ తలూపడం నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

మర్నాడు మగవాటి గూట్లోంచి గుర్రుమనే చప్పుడు వస్తుంటే, పొడిగా ఉందని సంబరపడుతున్నాయి పాపం, అనుకుంది. నాలుగో రోజు పొద్దున గడ్డి సంచి పట్టుకెళితే అటువైపు నుంచి ఈల రాలేదు. చిన్నోడు మూలకు నక్కి ఉన్నాడు. చెవి చీలి, వీపు మీద బొచ్చు ఊడి నెత్తురు కారుతోంది. పెద్దోడు ఎదురుగా నిలబడి పళ్ళు టకటకలాడిస్తున్నాడు. విడదీయబోతే ఆవిడ బొటనవేలూ కొరికాడు.

డాక్టరు వచ్చి చెవికి కుట్లు వేశాడు. "వీటిని ఇక్కడికి ఎప్పుడు తెచ్చారు?"

"నాలుగు రోజులైందయ్యా. మీరు చెప్పినట్టు విడిగానే పెట్టాను."

"గూడు కాదమ్మా, గదే వేరుగా ఉండాలి. ఆడవాటి వాసన తగిలితే మగవి ఒకదాన్నొకటి ఓర్చుకోవు."

"తెర కట్టానయ్యా..."

డాక్టరు ఆవిడ బొటనవేలికి మందు రాయసాగాడు. గుమ్మంలో నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్ల, రోజూ ఆ అన్నదమ్ములను ఒళ్ళో పెట్టుకునే పిల్ల, మెల్లగా అంది. "తెర కడితే ఏం గడ్డమ్మా? నువ్వు వరండాలోకి రాకముందే గడ్డి వాసనకి నాకు తెలిసిపోతావుగా?"

వెక్కిరింపు కాదది. నిజంగానే అడిగింది. గడ్డమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "ఇరవై ఏళ్ళు మీ మధ్యే తిరిగానే," అని మాత్రం అంది.

గాయం మానాక కొత్త చోట ఒక్కసారి కలిపి చూడమని, కుదరకపోతే బలవంతం చెయ్యొద్దని డాక్టరు చెప్పి వెళ్ళాడు. పెద్ద టీచరమ్మ అడక్కుండానే తన గది ఇచ్చింది. మూడు వారాలు గడ్డమ్మ ప్రార్థన ఒక్కటే, వాళ్ళిద్దరూ మళ్ళీ ఒక ముద్దగా పడుకోవాలని. కలిపి చూసే రోజున ఆడవాటికి మేత నన్ను వెయ్యమని, తాను తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని అన్నదమ్ములను తెచ్చింది. దోసకాయ ముక్కలు కుప్పగా పోసి రెండింటినీ వదిలింది. కాసేపు కరకర నమిలే చప్పుడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో పళ్ళ టకటక.

"తీసెయ్యి గడ్డమ్మా," అంది గుమ్మం దగ్గర చెవి ఒగ్గి కూర్చున్న పిల్ల. "వద్దంటున్నారు వాళ్ళు."

ఆ తరవాత పెద్దోడొక గూట్లో, చిన్నోడొక గూట్లో. ఒళ్ళోకీ ఒక్కొక్కరే. తెర కట్టిన దుప్పటిని గడ్డమ్మ వేన్నీళ్ళలో రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, చిన్న ఉండలా చుట్టి చిన్నోడి గూట్లో పెట్టింది. వాడు దానికి వీపు ఆనించి పడుకునేవాడు. పొద్దున్నే మేత వేసేటప్పుడు ఆవిడ ఆ చీలిన చెవిని వేలితో తాకి, "తప్పయిపోయింది నాయనా," అనేది. చిన్నోడు ఉన్నన్నాళ్ళూ అనేది.