మూడు పెట్టెలూ, నా చెవులూ

క్యాసెట్లు అటకెక్కి, పాటలు కంప్యూటర్లలోకి కాపురం మారుస్తున్న రోజులవి. అప్పట్లో ప్రతి ఇంట్లోనూ అన్నీ తెలిసిన మనిషి ఒకరుండేవారు. మా ఇంట్లో ఆ మనిషి మా అమ్మ తమ్ముడు, చిన్నమామ. బెంగుళూరులో ఉద్యోగం, చంకలో ఎప్పుడూ ఒక ఇంగ్లీషు పత్రిక. ఆయన తర్వాతి స్థానం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నాది. ఉబ్బసం వల్ల నేను బడి గడప తొక్కలేదు. చదువంతా నాయన దగ్గర, అవ్వ దగ్గర ఇంట్లోనే. (ఉబ్బసం ఇచ్చిన దేవుడే అంత ఓపికగల గురువుల్నీ ఇచ్చాడు, ఆయనకు నమస్కారం.) సర్టిఫికెట్లు లేని నాకు ఉన్న బిరుదు ఒక్కటే: "పాపకు చెవులుండాయి." వీధిలో ఎవరి హార్మోనియం శ్రుతి తప్పినా నాకు కబురొచ్చేది. ఇరవై ఏళ్ళ వయసులో ఆ ఒక్క మాట పట్టుకుని నేలకు జానెడు పైన నడిచేదాన్ని.

ప్రొద్దుటూరులో మాది చీరల అంగడి. అక్కడ పాతబడిన కంప్యూటరు ఇంటికొస్తే, దాన్ని నాయన ఆంప్లిఫయరుకూ నిలువెత్తు స్పీకర్లకూ తగిలించి కీర్తనలు నేర్చుకునేదాన్ని. చిక్కల్లా ఒక్కటే. మౌసు కదిపితే చాలు, స్పీకర్లలో కీచురాయి దూరినట్టు కిర్రుమనేది. "మంగళహారతి మధ్యలో ఆ పురుగేందిమే?" అని అవ్వ విసుక్కునేది. మామకు ఫోనులో మొరపెట్టుకుంటే, కంప్యూటర్లో పాట అంకెల రూపంలో ఉంటుందనీ, వాటిని చెవికి వినబడే పాటగా మార్చే పని దానికే అప్పజెబితే ఇలాగే ఏడుస్తుందనీ, అందుకు 'డాక్' అని వేరే పెట్టె ఉంటుందనీ గంటసేపు చెప్పి, తెలిసిన దుకాణంలో మూడు పెట్టెలు తీసుకుని దిగాడు. నచ్చింది ఉంచుకుని మిగతావి వెనక్కి ఇచ్చేయవచ్చట. ఒకటి సున్నం డబ్బీకి అన్నలా ఉంది. రెండోది మధ్యరకం. మూడోది నగల పెట్టెంత బరువు, ధర వింటే అవ్వ విసనకర్ర ఆపింది.

ఆ రాత్రి భోజనాల దగ్గరే మామ నాకు తర్ఫీదిచ్చాడు. మంచి శబ్దానికి వెచ్చదనం ఉండాలి, లోతు ఉండాలి, పాటలో వాద్యానికీ వాద్యానికీ మధ్య గాలి ఆడాలి. "గాలి గావాల్నంటే మిద్దెక్కి కూచోప్పా, దుడ్డెందుకు?" అంది అవ్వ. నేను మాత్రం ఆ మాటలన్నీ స్తోత్రంలా కంఠస్థం చేశాను.

నాయన ఒకే షరతు పెట్టారు. "నేను గుడ్డలమ్ముకునేటోణ్ణి. నాకొచ్చిన పద్ధతిలోనే బేరం చేస్తా. పెట్టె పేరు, ధర తెలీకుండా పాప ఇనాల. తేడా తెలిస్తే అదెంతైనా సరే కొంటా. తెలీకపోతే మూడూ బెంగుళూరికి పోతాయి." ఓడితే ఆ కిర్రుతోనే నా కీర్తనలు, పైగా వీధంతా తెలిసిన నా చెవుల పరువు.

ఆదివారం పొద్దున నట్టింట్లో పంచె అడ్డం కట్టి నాయన వెనక కూర్చున్నారు. నేను ముందర పద్మాసనం, పక్కన మామ. ఒకటోది మొదలైంది. అదే మంగళహారతి. బాగానే ఉంది, అంతకుమించి ఏమీ తోచలేదు. కానీ "బాగుండాది" అనడానికి చెవులెందుకు? అందుకని, "రవ్వంత పొడిగా ఉండాది నాయనా" అన్నాను. తెర వెనక వైర్ల చప్పుడు, గొణుగుడు. రెండోది మొదలైంది. "ఇది వెచ్చగా ఉండాది. కానీ లోతు తక్కువ." మళ్ళీ వైర్ల చప్పుడు. మూడోసారి పాట ఎత్తుకోగానే, దేవుడి మీద ఒట్టు, నాకు ఒళ్ళు జలదరించింది. "ఇదీ నాయనా! ఆయమ్మ మన ముందర కూచోని పాడతాండాది. తంబూరాకూ గొంతుకూ నడుమ గాలాడతాండాది!"

మామ ఎగిరి లేచాడు. "చూసినావా బావా! అది పెద్దదే. నేను చెప్పలా?"

"నాకు మూడుతూర్లూ ఒకే పాట ఇనబడె" అంది అవ్వ, వత్తులు చేసుకుంటూ.

నాయన పంచె లాగేశారు. సున్నం డబ్బీకి అన్నలా ఉన్న ఆ చిన్న పెట్టె ఒక్కటే వైర్లకు తగులుకుని ఉంది. మిగతా రెండూ అట్టపెట్టెల్లోనే, అంటించిన టేపు కూడా తెగలేదు. "అంగట్లో ఎంచుకోలేనోళ్ళకు అదే చీర లోపలికి పోయి మడత మార్చి తెస్తాం గదా, ఇప్పుడే వచ్చిన సరుకని. వాళ్ళు మూడోతూరి ఇదే బాగుండాదంటారు. అంతే చేసినా పాపా."

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. మొదటిసారి చెప్పింది అబద్ధం, రెండోది సగం అబద్ధం, మూడోది మాత్రం నేను నిజంగా విన్నాను. అదే మరీ అవమానం. మామ మాత్రం తగ్గలేదు. "పెద్దది తగిలించింటే తేడా తెలిసేది."

"తెలిసేదేమో. తగిలించుకోని ఇనప్పా, ఎవరొద్దన్నారు?" అన్నారు నాయన. మామ ఆ టేపు వైపు చాలాసేపు చూశాడు. తెంచలేదు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు తేడా తెలీలా నాయనా. పంపించేయండి."

ఆయన మౌసు నా చేతిలో పెట్టారు. "కదుపు." కదిపాను. అటూ ఇటూ, గుండ్రంగా, పిచ్చిదానిలా తిప్పాను. స్పీకర్లలో పాట తప్ప ఏమీ లేదు. "నీకు గావాల్సింది ఇదే గదమ్మా? ఈ తేడా తెలిసె గదా? చిన్నదుంచుకో."

మామ మిగతా రెండింటినీ మోసుకుని సాయంత్రం బస్సెక్కాడు. నేను తలుపు దగ్గరకు వేసి ఆ హారతి పాట మొదటినుంచీ పెట్టుకున్నాను. పక్కన అడిగేవాళ్ళు లేరు, నాకు వర్ణించాల్సిన పని లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేకుండా నేను పాట వినడం అదే మొదలు. అలాంటి తండ్రిని ఇచ్చినందుకు అమ్మవారికి దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు నలభై దాటిన నన్ను పిల్లలు ఇయర్‌ఫోన్లు పట్టుకొచ్చి "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతారు. రెండూ బాగున్నాయంటాను. అంత తేలిగ్గా ఆ మాట అనలేక, పద్మాసనం వేసుకుని, బిగించి మూసుకున్న కళ్ళతో లేని గాలి కోసం వెతికిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. దాన్ని తిట్టబుద్ధి కాదు. ఎంత కష్టపడి విన్నదో, పాపం.