సిగ్నల్ లేని గది

మా వదిన పిరికిది. ఆ మాట ఆవిడే చెప్పుకుంటుంది. బల్లి కనిపిస్తే మంచమెక్కుతుంది, లిఫ్టు ఆగిపోతుందేమోనని ఎన్ని అంతస్తులైనా మెట్లే ఎక్కుతుంది. అలాంటి మనిషికి ముక్కూ మొహం తెలియనివాళ్ళ తలుపులు కొట్టే ఉద్యోగం దొరికింది. ఆరోగ్యశాఖ వాళ్ళు ఒక ఫోను చేతిలో పెట్టి, అందులోని యాప్ చూపించి, ఇంటింటికీ వెళ్ళి క్షయ లక్షణాలు ఎవరికున్నాయో అడిగి నొక్కుకు రమ్మన్నారు. దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది, సాయంత్రాలు జ్వరం వస్తోందా, ఒళ్ళు తగ్గిందా, ఇవీ ప్రశ్నలు. జనం ఆవిడకి "దగ్గుల మేడం" అని పేరు పెట్టారు. ఆవిడ వీధి మలుపు తిరిగిందంటే వస్తున్న దగ్గుని కూడా గొంతులోనే మింగేసేవారు.

కుక్కల కంటే, కసురుకునే మగవాళ్ళ కంటే, ఆవిడకి ఆ ఫోనంటేనే ఎక్కువ భయం. దగ్గు ఉందని నొక్కగానే తెర ఎర్రబడేది. ఇల్లు ఎక్కడుందో ఫోనే పట్టేసేది. తలుపు ఫోటో తీయమనేది. సిగ్నల్ ఉంటే అక్కడికక్కడే పై ఆఫీసుకి వెళ్ళిపోయేది. లేకపోతే కాచుక్కూర్చుని, సిగ్నల్ తగలగానే ఎవరినీ అడక్కుండా పోయేది.

"పోయాక ఇంక వెనక్కి రాదయ్యా. నోరు జారినట్టే" అనేది నాతో.

ఒక మధ్యాహ్నం పాత భవనం పై అంతస్తులో ఒక ఇస్త్రీ అతని తలుపు కొట్టింది. ఉన్నది ఒకటే గది. సగం గది ఇస్త్రీ బల్లే. దాని చుట్టూ బట్టల మూటలు. ఆ మూటల వెనక అతని భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను చొక్కా మీంచి చెయ్యి తీయకుండానే అడిగినవన్నిటికీ "లేదు, లేదు" అంటూ పోయాడు.

"ఉంది" అంది భార్య, ఇటు తిరక్కుండానే. "చాన్నాళ్ళుగా ఉందమ్మా. రక్తం కూడా పడుతోంది."

అలవాటైన వేలు ఊరుకోలేదు. వదిన "అవును" నొక్కేసింది. ఆ ఎరుపు అతని కంటపడింది. ఇస్త్రీపెట్టె అలాగే వదిలేసి, వెళ్ళి తలుపుకి గడియ పెట్టాడు.

"తీసెయ్."

"ఏంటన్నా?"

"ఇప్పుడు నొక్కింది. తీసెయ్."

అతను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా ఇంత భయం వేసేది కాదంటుంది ఆవిడ.

"ఇంతకుముందున్న ఇంటికీ ఇలాగే ఒకామె వచ్చింది. ఇలాంటి ఫోనే. తెల్లారేసరికి మా తలుపు ఫోటో వీధిలో అందరి ఫోన్లలోనూ ఉంది. బట్టలిచ్చినవాళ్ళు ఇస్త్రీ కాకముందే పట్టుకుపోయారు. ఇల్లుగలాయన సామాను మెట్ల మీద పెట్టించాడు. పోనీ దీనికి మందేమైనా ఇప్పించారా? అదీ లేదు. మేమిక్కడున్నామని ఎవరికీ తెలీదు. ఇప్పుడు నీ ఫోనుకి తెలిసింది."

వదిన ఫోను వైపు చూసింది. సిగ్నల్ లేదు. కానీ ఆవిడ కూర్చున్నది కిటికీ పక్కన. చూస్తుండగానే ఒక గీత వచ్చింది, పోయింది.

"అదేంటి?" అన్నాడతను.

అబద్ధం చెప్పాలన్నా నోరు తిరగలేదు. "సిగ్నల్."

"అది వస్తే పోతుందా?"

"పోతుంది."

"మరి తీసెయ్యమ్మా!"

గీత మళ్ళీ వచ్చింది. వేళ్ళకి చెమట పట్టి తెర పలకడం లేదు. చీరకి తుడుచుకుని నొక్కింది, జారింది. ఇది వెళ్ళిపోతే ఇతను నన్నేం చేస్తాడు? పిల్ల బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఎవరుంటారు? ఆ నిమిషంలో పిల్ల జడ రిబ్బను రంగు కూడా గుర్తుకొచ్చిందట. చివరికి తెర పైనున్న, సిగ్నల్ ఆపేసే విమానం గుర్తు మీద వేలు పడింది. గీత మాయమైంది. ఫోను మూగబోయింది.

అప్పుడే కాలిన వాసన వచ్చింది. బల్ల మీద ఎవరిదో తెల్లచొక్కా ఇస్త్రీపెట్టె కింద పొగలు కక్కుతోంది. పొగకి భార్య లేచి కూర్చుని దగ్గడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగలేదు. నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ ఎర్రబడింది. అతను అన్నీ మర్చిపోయి, గాలి కోసం గడియ తీసి తలుపు బార్లా తెరిచాడు.

మా వదిన పరుగు లంకించుకుంది.

కింది మలుపు దాకా వచ్చి మెట్టు మీద కూలబడింది. వీధిలోకి పోయి విమానం గుర్తు తీసేస్తే చాలు, ఎర్ర గుర్తు దాని దారిన అది పోతుంది. ఆవిడ పనీ అయిపోతుంది. పైనుంచి అతని గొంతు వినిపించింది: "ఊపిరి తీసుకో... నా తల్లివి కదూ, ఊపిరి తీసుకో." ఆ గొంతు తన గొంతు కంటే ఎక్కువ వణుకుతోందట.

వదిన తిరిగి పైకెక్కింది. లోపలికి మాత్రం వెళ్ళలేదు.

"అన్నా, మళ్ళీ గడియ పెట్టావంటే భవనమంతా వినపడేలా అరుస్తాను" అంది ముందుగా. తర్వాత ఫోను అతని వైపు తిప్పి, అతను చూస్తుండగా ఆ ఇంటి వివరాలు తీసేసింది.

అతను నమ్మలేనట్టు చూశాడు.

"ఇది ఎవరెవరు చూస్తారో నిజంగా నాకూ తెలీదు. ఎవరూ చూడరని ఒట్టు పెట్టలేను. కానీ అక్కకి మందు పడకపోతే మనిషి దక్కదు, అది తెలుసు. ఊరవతలి పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్తాను. అక్కడ నీ తలుపుతో ఎవరికీ పనిలేదు."

మర్నాడు ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. అతను దారిలో దిగిపోతాడేమోనని ఒక భయం, పై అధికారి ఎదురుపడతాడేమోనని ఇంకో భయం. దారి పొడుగునా వదిన కొంగు మొహానికి కప్పుకుంది. పరీక్షలో క్షయేనని తేలింది. మందులు మొదలుపెట్టారు.

వారం తిరక్కుండా సూపర్‌వైజర్ పిలిపించాడు. ఆ ఇల్లు యాప్‌లో ఖాళీగా ఉందేమని అడిగాడు. వదిన జరిగిందంతా చెప్పేసింది.

"సరే, తాళం వేసి ఉందని నొక్కెయ్యండి, గొడవ వదులుతుంది."

"తాళమూ నిజమే సార్. నన్ను లోపల పెట్టి వేశారు." నవ్వించాలని అన్న మాట కాదు. ఆయనా నవ్వలేదు. "వాళ్ళ పాత ఇంటి తలుపు ఫోటో బయటికెలా పోయింది సార్?"

ఆయన ఆ మాట కాగితం మీద రాసుకుని పైకి పంపాడు. తర్వాత విచారణ జరిగింది. అది నడిచినన్నాళ్ళూ ఇవాళో రేపో ఉద్యోగం పోతుందని వదిన సరిగా తిండి తినలేదు. మానెయ్యమని మా అన్నయ్య పోరుపెట్టాడు. ఫోటో బయటపెట్టిందెవరో తేలనేలేదు. కానీ ఒక ఉదయం యాప్ తెరిస్తే తలుపు ఫోటో అడగడం మానేసింది. వదిన అది పొరపాటేమో అనుకుని మూసి మళ్ళీ తెరిచి చూసుకుంది.

ఇస్త్రీ అతని భార్యకి పూర్తిగా తగ్గింది. జాకెట్లు బిగుతయ్యాయని వదినకి ఫోన్ చేసి మురిసిపోతుంది. అతను మాత్రం వీధిలో వదిన ఎదురైతే మూట భుజం మార్చుకుని అవతలి పక్కకి దాటేస్తాడు. వదినా ఆపదు. అతను సందు దాటేదాకా ఆవిడకీ గుండె దడగానే ఉంటుంది.