సందుల్లోంచి పోయిన వెచ్చదనం

దేవరకద్ర దగ్గరి ఒక కోళ్లఫారంలో కోడిపిల్లల షెడ్డు చూసుకునేది సోమమ్మ. పదకొండేండ్లుగా అదే పని. ఒక్కరోజు వయసు కోడిపిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలేస్తోందని, నోళ్లు తెరిచి దూరం జరిగితే ఉక్కపోస్తోందని గడపలో నిలబడే చెప్పేది.

ఆ ఏడు దసరా తర్వాత యజమాని కృష్ణకాంత్ షెడ్డు రేకుల కింద థర్మాకోల్ పలకలు కొట్టించాడు. లోపలి వేడి బయటికి పోదని, కుంపట్లలో వేసే బొగ్గు సగం మిగులుతుందని కాంట్రాక్టరు పరశురాములు గట్టిగా చెప్పాడు. డిసెంబరులో కొత్త జట్టు కోడిపిల్లలు దిగాయి. మూడు రోజుల్లో నాలుగు వందలు చచ్చాయి.

"కుంపట్లు సరిగ్గ రాజెయ్యలే. ఈమెదే తప్పు," అన్నాడు పరశురాములు పనివాళ్లందరి ముందు.

"రేపటి సంది రాకు సోమమ్మా," అన్నాడు కృష్ణకాంత్.

ఆమె కదల్లేదు. "పోత సార్. గని నా మీద మాట పడ్డంక ఊకె పోను. పిల్లలన్ని గా పడమటి గోడ కాడ్నే ఎందుకు సచ్చినయో తేల్చి పోత."

"పలకలు కొట్టిన జాగల చలేంది? నీకేం తెలుస్తది?" అని నవ్వాడు పరశురాములు.

సోమమ్మ కొంగు బిగించి, అగరుబత్తి ముట్టించుకుని నిచ్చెనెక్కింది. పలక మధ్యలో పెడితే పొగ మెల్లగా పాకింది. రెండు పలకలు కలిసేచోట పెట్టగానే ఎవరో గుంజినట్టు సర్రున పైకి పోయింది. పడమటి గోడ పక్కనైతే ఆమె నాలుగు వేళ్లూ సందులో దూరాయి.

"దిగు! పలక పాడైతది!" అరిచాడు పరశురాములు.

ఆమె దిగలేదు. పలకను పట్టి ఊడబీకింది. పైన రేకు నిండా చెమట పట్టినట్టు నీటి చుక్కలు. టపటపా ఆమె ముఖం మీద రాలాయి.

"సూడు సార్. లోపలి వేడిగాలి గీ సందులల్ల పోయి, సల్లటి రేకుకు తాకి నీళ్లయితాంది. గా నీళ్లు కింద పరిచిన ఊక మీద పడుతున్నయి. తడి ఊకల పిల్ల బతుకుతదా? నేనెన్ని బొగ్గులేస్తే ఏం ఫాయిదా?"

కృష్ణకాంత్ వంగి ఊక పిడికిట్లో పిసికాడు. నీళ్లు కారాయి. పరశురాములు వైపు తిరిగి, "మొత్తం విప్పి మళ్ల కొట్టు," అన్నాడు. తర్వాత, "నువ్వు పనిల ఉండు సోమమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"గట్ల కాదు సార్. తప్పు నాదని పదిమంది ముందట అన్నరు. కాదని గూడ పదిమంది ముందటనే అనుండ్రి."

అన్నాడు. పనివాళ్లందరినీ పిలిచి, నేల చూస్తూ అయినా అన్నాడు.

పలకలు తిరిగి కొట్టిన నాలుగు రోజులూ ఆమె అగరుబత్తితో ప్రతి అతుకూ చూసింది. పొగ గుంజినచోట మళ్లీ విప్పించింది. తర్వాత దిగిన పిల్లల జట్టులో మొత్తం కలిపి చచ్చినవి పదిహేడే. బొగ్గు కూడా తగ్గింది.

ఇప్పుడు చుట్టుపక్కల కొత్త షెడ్డు కడితే సోమమ్మను పిలుస్తున్నారు. ఒకచోట పరశురాములు ఎదురుపడి, "ఈమె వచ్చి చూస్తదంటే నేను పని చెయ్య," అన్నాడు.

"చెయ్యకు మరి," అంటూ సోమమ్మ నిచ్చెన ఎక్కింది.